బతికి వచ్చిన యుద్ధఖైదీల జాడ ఎక్కడ వెతకాలి?

గౌరవనీయులైన సంపాదకులకు,

రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు చేతికి చిక్కి, ఏళ్ల తరబడి ఖైదులో మగ్గి ఊరు చేరిన సిపాయిలు మన ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లోనూ ఉన్నారు. ఆ తరం వెళ్లిపోయింది. వారి మనవలు, మునిమనవలు ఇప్పుడు ఆ సంగతులు తెలుసుకోవాలనుకుంటే ఎవరిని అడగాలో, ఏ కాగితం ఎక్కడ ఉంటుందో తెలుగులో చెప్పేవారు దొరకడం లేదు. మా తాత తోడబుట్టిన తమ్ముడు, మేము చిన్నతాత అని పిలిచే ఆయన, సింగపూర్‌లో పట్టుబడిన అలాంటి సిపాయి. ఆయన సర్వీసు వివరాలు వెతికే పనిలో నాకు తెలిసివచ్చిన విషయాలు మరికొన్ని కుటుంబాలకు పనికివస్తాయని, ప్రభుత్వం ఆలస్యం చేయకుండా చేయవలసిన పని ఒకటి ఉందని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

యుద్ధంలో చనిపోయిన సిపాయి జాడ కంటే బతికి వచ్చిన సిపాయి జాడ కనుక్కోవడమే కష్టం. వినడానికి వింతగా ఉన్నా, ఈ పనిలోకి దిగిన ప్రతి కుటుంబానికీ మొదట ఎదురయ్యే సంగతి ఇదే. చనిపోయినవారి పేర్లను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాగ్రత్తగా నమోదు చేసింది. సింగపూర్‌లోని క్రాంజీ శ్మశానవాటికలో ఉన్న స్మారకం మీద, సమాధి ఎక్కడుందో తెలియని 24,000 మందికి పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. వారిలో భారతీయులు చాలా మంది. కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతికితే పటాలం, సర్వీసు నంబరు, చనిపోయిన తేదీ, చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లాతో సహా వివరాలు కనిపిస్తాయి. ఖైదులో చనిపోయినవారి కుటుంబాలకు నా మొదటి సలహా కూడా అదే: అక్కడ మొదలుపెట్టండి. కానీ ప్రాణాలతో తిరిగి వచ్చి, నాగలి పట్టుకొని, పెళ్లి చేసుకొని, పిల్లల్ని పెంచి ముసలితనంలో కన్నుమూసిన సిపాయి పేరు ఏ స్మారకం మీదా ఉండదు. ఆయన సైన్యంలో పనిచేశాడన్నదానికి ఇంట్లో ఒక పుస్తకం, ఏదో ఒక రికార్డు ఆఫీసులో ఒక పద్దు తప్ప సాక్ష్యం ఉండదు. ఆ పుస్తకానికి చెదలు పట్టి, ఆ పద్దు చిరిగిపోతే ఆయన యుద్ధం చేసిన సంగతి కూడా పోయినట్టే.

వెతకడం మొదలుపెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది మన తాత ఏ సైన్యంలో చేరాడన్నది. మన ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. నిజాం సర్కారుకు సొంత ఫౌజు ఉండేది. దానికి వేరుగా సికింద్రాబాద్‌లో బ్రిటిష్ కంటోన్మెంటు ఉండేది. నిజాం ప్రజలే అయినా ఎందరో యువకులు సికింద్రాబాద్ వెళ్లి బ్రిటిష్ ఇండియా సైన్యంలో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఆసుపత్రి సిబ్బందిగా, మట్టిపని చేసే పయనీర్లుగా చేరారు. ఈ రెండు సైన్యాల కాగితాలు వేర్వేరు చోట్ల, వేర్వేరు భాషల్లో ఉంటాయి. ఒకదాని కోసం రెండోచోట వెతికితే జీవితమంతా వెతికినా దొరకవు.

ఇంట్లో కాగితం ఏదీ మిగలనప్పుడు కూడా కొన్ని గుర్తులు పనికివస్తాయి. మా నాయనమ్మ చెప్పిన ప్రకారం చిన్నతాత పంపిన సొమ్ము కల్దారు రూపాయల్లో, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయల్లో వచ్చేది, దాన్ని పరకాలలో హాలీ సిక్కాలోకి, అంటే నిజాం రాజ్యపు నాణేల్లోకి మార్చుకునేవారు. ఇంటికి వచ్చే జీతం కల్దారు అయితే ఆ సిపాయి బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఉన్నాడని అనుకోవడానికి ఒక ఆధారం దొరికినట్టే. ఇది రుజువు కాదు, సూచన మాత్రమే. అయినా ఏ తలుపు ముందుగా తట్టాలో ఇలాంటి సూచనే చెబుతుంది. పటాలం ఎక్కడ శిక్షణ పొందింది, ఇంటికి టెలిగ్రాం ఏ ఊరి నుంచి వచ్చింది, ఫొటోలో టోపీ మీది బిళ్ల ఎలా ఉంది, ఇలాంటివి ఇంట్లో పెద్దవాళ్లు బతికి ఉండగానే అడిగి రాసిపెట్టుకోవాలి.

ఇక్కడ చాలా కుటుంబాలను తప్పుదారి పట్టించే పేరు ఒకటుంది. బ్రిటిష్ ఇండియా సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంటు అని ఒకటి ఉండేది. దాని నాలుగో పటాలం 1942 జనవరి 7న మలయాలోని (ఇప్పటి మలేషియాలో భాగం) స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల దాడిలో ఘోరంగా దెబ్బతిన్నది. హైదరాబాద్ పేరు చూసి తమ తాత అందులోనే ఉన్నాడని అనుకునేవారు ఉన్నారు. నిజానికి ఆ రెజిమెంటుకు నిజాం రాజ్యంతో సంబంధం పాత చరిత్రలోనే మిగిలింది. యుద్ధకాలం నాటికి అందులో చేర్చుకున్నవారు ఎక్కువగా కుమావూ కొండప్రాంతం వారు, జాట్లు, ఆహీర్లు. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. నిజాం సొంత ఫౌజు నుంచి మలయా వెళ్లింది వేరే దళం, ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. మైసూరు, జీంద్, బహావల్‌పూర్, కపుర్తలా సంస్థానాల పటాలాలు కూడా అక్కడికి వెళ్లాయి.

ఆ హైదరాబాద్ దళం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన చరిత్ర పుస్తకాల్లో దాని ఊసు ఎక్కడా కనపడదు. 1941 డిసెంబరు 8న, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి సుమారు గంట ముందే, జపాన్ సేనలు మలయా ఈశాన్య తీరంలో కోటా భారు దగ్గర దిగాయి. పసిఫిక్ యుద్ధం మొదలైంది అక్కడే. కోటా భారు విమానాశ్రయం కాపలా బాధ్యత మన హైదరాబాద్ పటాలానిది. తీరంలో పోరాటం, చీకటి, వాన, శత్రువు విమానాశ్రయం కంచె దాకా వచ్చేశాడన్న పుకారు, ఈ గందరగోళంలో విమానాశ్రయాన్ని వదిలేసి వెనక్కి తగ్గారు. ఆ దళానికి ఆధిపత్యం వహించిన అధికారి ఆ ఘటనల్లోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఆంగ్లేయులు రాసిన చరిత్రల్లో ఆ పటాలం గురించి మంచి మాట కనిపించదు. రాసినవాళ్లు ఓడిపోయిన సైన్యం పెద్దలు. నింద మోసింది జవాబు చెప్పుకోలేని సిపాయిలు. హనుమకొండలో నాకు పరిచయమున్న ఒక కుటుంబం పెద్దాయన ఈ దళంలోనే ఉండేవారు. ఆయన మూడున్నరేళ్లు ఖైదు అనుభవించి తిరిగివస్తే, ఊళ్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ కుటుంబం దగ్గర మిగిలింది ఉర్దూలో రాసిన ఒక్క హుకుంనామా. దాన్ని చదివించుకోవడానికి కూడా వారు ఎంతో మందిని బతిమాలవలసి వచ్చింది.

నిజాం ఇచ్చిన విరాళాల సంగతి మాత్రం ప్రపంచానికంతా తెలుసు. 1918లో ఆయన సొమ్ముతో విమానాలు కొన్నందుకు బ్రిటిష్ వాయుసేనలోని 110వ దళానికి హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో యుద్ధంలో 152వ దళానికీ అదే పేరు వచ్చింది. ఆస్ట్రేలియా నౌకాదళంలో ఒక యుద్ధనౌకకు ఏకంగా నిజాం అనే పేరే పెట్టారు. డబ్బు ఇచ్చిన ప్రభువు పేరు నౌక మీదికి ఎక్కింది. ప్రాణాలు ఒడ్డినవారి పేర్ల జాబితా ఒక్కటి మనకు తెలుగులో లేదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

మా చిన్నతాత విషయానికి వస్తే, సైన్యం నుంచి విడుదల చేసేటప్పుడు ఇచ్చిన ఆయన డిశ్చార్జి పుస్తకం మా మేనత్త ఇనుప సందుగలో బతికి బయటపడింది. అరచేయి కంటే కొంచెం పెద్దది, గోధుమరంగు అట్ట, కుట్టు ఊడిపోయి పేజీలు విడివిడిగా ఉన్నాయి. మొదటి పేజీలో నంబరు, హోదా, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తహసీలు, జిల్లా. తర్వాత ఎత్తు, కంటి రంగు, గుర్తింపు మచ్చలు. ఎడమ కనుబొమ మీద గాయపు మచ్చ ఉందని అందులో రాసి ఉంది, ఆ మచ్చ మాకందరికీ గుర్తే. ఒక పేజీలో వేలిముద్ర. చివర్లో సర్వీసు ఎందుకు ముగిసిందన్న గడిలో యుద్ధం ముగిసి సైన్యాన్ని తగ్గించినందువల్ల అని ఒక్క ముక్క. యుద్ధసేవ గడిలో మలయా అని ఉంది. ఖైదు గురించి రెండు తేదీలు, ఒకటి సింగపూర్ లొంగిపోయిన 1942 ఫిబ్రవరి 15, రెండోది విడుదలైన 1945 సెప్టెంబరు. ఆ రెండు తేదీల మధ్య మూడున్నరేళ్ల జీవితం ఉంది. దాని గురించి పుస్తకంలో ఒక్క అక్షరం లేదు.

ఈ పుస్తకం ఉన్నవారు అందరికంటే అదృష్టవంతులు. దాంట్లోని నంబరు, దాని ముందుండే అక్షరాలు, కోర్ పేరు చూస్తే ఏ రికార్డు ఆఫీసుకు రాయాలో తెలుస్తుంది. మా చిన్నతాత రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో మోటారు డ్రైవరు. ఆ కోర్ ఇప్పుడు ఆర్మీ సర్వీస్ కోర్, మా వంటి కుటుంబాలు రాయవలసిన రికార్డు ఆఫీసు బెంగళూరులో ఉంది. సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మద్రాస్ శాపర్స్ అయితే అదీ బెంగళూరే. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరిలోని వెల్లింగ్టన్, వైద్యదళానికి లక్నో, ఫిరంగిదళానికి నాసిక్. ఒక దానికి రాయవలసిన ఉత్తరం మరో దానికి రాస్తే అక్కడివారు దాన్ని సరైన చోటికి పంపుతారన్న నమ్మకం పెట్టుకోవద్దు. నా తొలి ఉత్తరానికి ఒక కార్యాలయం నుంచి వచ్చిన జవాబు రెండు వాక్యాలు: మీరు అడిగిన రికార్డు అందుబాటులో లేదు, ఇంతటితో ఈ ఫైలు మూసివేయబడింది. ఎవరి సంగతి అడుగుతున్నానో చదివి రాసిన జవాబులా అది కనిపించలేదు.

సమాచార హక్కు చట్టం ఇక్కడ నిజంగా పనికివస్తుంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇతరుల వ్యక్తిగత సమాచారం ఇవ్వలేమని చెబితే అదే చట్టంలోని 8(3) సెక్షన్ చూపించాలి. ఇరవై ఏళ్లకు పైబడిన సంఘటనల సమాచారానికి, దేశ భద్రత వంటి కొద్ది కారణాలు మినహా, సాధారణ మినహాయింపులు వర్తించవని అది చెబుతోంది. వ్యక్తిగత సమాచారం అనే మినహాయింపు ఆ కొద్ది కారణాల్లో లేదు. ఎనభై ఏళ్ల నాటి సిపాయి సర్వీసు వివరాలకు ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు. అయితే ఒక సంగతి తెలిసి దిగడం మంచిది. పింఛను లేకుండా విడుదలైన సిపాయిల సర్వీసు కాగితాలను గడువు తీరాక ధ్వంసం చేయడం సైన్యంలో ఆనవాయితీ. యుద్ధకాలంలో చేరి 1946లో ఇంటికి వచ్చినవారిలో అత్యధికులకు పింఛను లేదు. కాబట్టి సర్వీసు ఫైలు అడగడంతో ఆపకుండా, లాంగ్ రోల్ అనే పెద్ద పద్దుపుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ఏముందో దాని నకలు ఇమ్మని ప్రత్యేకంగా అడగాలి. ఫైలు పోయినా ఆ పద్దు మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

ఖైదు సంగతి తెలుసుకోవడం ఇంతకంటే కష్టమైన పని. సింగపూర్‌లో లొంగిపోయినవారిలో భారతీయ సిపాయిలు నలభై వేలకు పైగా ఉన్నారు. ఫిబ్రవరి 17న వారిని తెల్ల సైనికుల నుంచి వేరుచేసి ఫారర్ పార్కులో జపాన్ వారికి అప్పగించారు. అక్కడే ఇండియన్ నేషనల్ ఆర్మీలో (ఐఎన్ఏ, ఆజాద్ హింద్ ఫౌజ్) చేరమని కెప్టెన్ మోహన్ సింగ్ పిలుపునిచ్చారు. కొందరు చేరారు, కొందరు చేరలేదు, కొందరు చేరి మళ్లీ బయటికి వచ్చారు. 1943 జులైలో సుభాష్ చంద్రబోస్ సింగపూర్ వచ్చాక మరికొందరు చేరారు. చేరనివారిలో వేలాది మందిని కూలిదళాలుగా మార్చి ఓడల్లో కుక్కి ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు తరలించారు. 1943లో న్యూగినీలోని వేవాక్‌కు పంపిన సుమారు 3,000 మందిలో యుద్ధం ముగిసేసరికి ప్రాణాలతో దొరికినవారు పిడికెడు మంది.

యుద్ధఖైదీలను ఎలా చూడాలో చెప్పే 1929 నాటి జెనీవా ఒప్పందంపై జపాన్ సంతకం చేసినా దాన్ని ఆమోదించలేదు. అందువల్ల అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌కు తూర్పు ఆసియాలోని ఖైదీల జాబితాలు సరిగా అందలేదు. భారతీయ ఖైదీల విషయంలో ఇది మరీ ఘోరం, ఎందుకంటే వారు యుద్ధఖైదీలే కారు, తమకు సాయంగా పనిచేస్తున్న కూలీలు అని జపాన్ అధికారులు వాదించారు. యుద్ధం తర్వాత న్యూబ్రిటన్‌లోని రబౌల్‌లో ఆస్ట్రేలియా సైన్యం జరిపిన యుద్ధనేరాల విచారణల్లోనూ ఈ వాదనే వినిపించింది. మన కుటుంబాలకు కావలసిన కాగితాలు ఆ విచారణలవే. ఆ విచారణల దస్త్రాలు ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలావరకు ఇంటి దగ్గర కూర్చొని కంప్యూటర్‌లో చూడవచ్చు. సాక్ష్యం చెప్పిన భారతీయ సిపాయిల పేర్లు, దెబ్బలు తిన్నవారి పేర్లు, చనిపోయినవారి పేర్లు వాటిలో ఉన్నాయి.

చిన్నతాత రబౌల్‌లో ఉన్నారని మాకు తెలిసింది ఒక చిన్న మాట వల్ల. ఖైదు గురించి అడిగితే ఆయన "గా ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా" అని తప్పించుకునేవారు. కానీ ఒక్కోసారి, బహుశా వానాకాలం రాత్రుల్లో, సముద్రం ఒడ్డున పొగ కక్కే గుట్ట ఒకటుండేదని, గంధకం వాసనకు ముక్కులు మండేవని, ఆ గుట్టల్లో తాము సొరంగాలు తవ్వామని మా మేనత్తకు చెప్పేవారు. ఇంట్లోవాళ్లు అది కథ అనుకున్నారు. న్యూబ్రిటన్‌లోని రబౌల్ రేవు పక్కనే తవుర్వుర్ అనే అగ్నిపర్వతం ఉంది. 1941 నుంచి 1943 వరకు అది రగులుతూనే ఉంది. మిత్రరాజ్యాల బాంబుల నుంచి తప్పించుకోవడానికి జపాన్ సైన్యం ఆ చుట్టుపక్కల కొండలన్నీ సొరంగాలుగా తొలిచింది, ఆ పనిలో ఖైదీలను వాడుకుంది. 1945 సెప్టెంబరు 6న రబౌల్ సమీపంలో గ్లోరీ అనే విమానవాహక నౌక మీద జపాన్ సేనాధిపతి లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. డిశ్చార్జి పుస్తకంలో ఉన్న విడుదల నెల దానితో సరిపోయింది. ఆస్ట్రేలియా వార్ మెమోరియల్ తన వెబ్‌సైట్‌లో పెట్టిన ఫొటోల్లో విడుదలైన భారతీయ ఖైదీలు వరసగా నిలబడి కనిపిస్తారు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. రబౌల్‌కు దగ్గరలోని బీటా పాకా శ్మశానవాటికలో ఎందరో భారతీయ సిపాయిల సమాధులు ఉన్నాయి. మా చిన్నతాత ఎప్పుడూ పేరుపెట్టి తలుచుకునే ఇద్దరు స్నేహితుల పేర్లు ఆ జాబితాలో నాకు కనిపించాయి. వారి ఊళ్లు మన జిల్లాలో లేవు కాబట్టి వారి కుటుంబాలకు కబురు చేరేలా అక్కడి సైనిక సంక్షేమ కార్యాలయాలకు రాశాను.

అన్ని కుటుంబాల దారీ సింగపూర్ వైపు వెళ్లదు. 1941 ఏప్రిల్‌లో లిబియాలోని మెకిలీ దగ్గర, 1942 జూన్ 21న తొబ్రుక్ పతనంలో పట్టుబడిన భారతీయ సిపాయిలు ఇటలీకి, అక్కడి నుంచి చాలా మంది జర్మనీకి వెళ్లారు. వారి విషయంలో రెడ్‌క్రాస్ జాబితాలు చాలా మెరుగ్గా ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ఎపినాల్ శిబిరం మీద 1944 మే 11న బాంబులు పడినప్పుడు గోడలు కూలి, వందలాది మంది భారతీయ ఖైదీలు నడిచి స్విట్జర్లాండ్ చేరుకున్నారు. తమ తాత మంచు కొండలు దాటి వచ్చాడని ఏ ఇంట్లోనైనా చెప్పుకుంటుంటే ఆ మాటను కొట్టిపారేయకండి. జెనీవాలోని రెడ్‌క్రాస్ ఆర్కైవ్స్ రెండో యుద్ధ ఖైదీల గురించి కుటుంబాల విన్నపాలు తీసుకుంటుంది, అయితే ఏడాదిలో కొన్ని నిర్ణీత రోజుల్లోనే, పరిమిత సంఖ్యలో. మొదటి ప్రపంచ యుద్ధం ఖైదీల కార్డులైతే వారి వెబ్‌సైట్‌లో ఉచితంగా ఎవరైనా చూడవచ్చు.

వెతికేటప్పుడు పేర్ల రాత విషయంలో ఓపిక కావాలి. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. రాజయ్య అన్న పేరుకే ఆంగ్లంలో నాలుగైదు రూపాలు కనిపిస్తాయి, ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు. జిల్లాల సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఖమ్మం, మధిర, ఇల్లెందు ప్రాంతాలు 1953 అక్టోబరు 1 దాకా వరంగల్ జిల్లాలోనివే. మరోవైపు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న వాజేడు, వెంకటాపురం అప్పుడు నిజాం రాజ్యంలోనే లేవు; భద్రాచలంతో పాటు మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. అక్కడి సిపాయి పేరు వరంగల్ కింద వెతికితే దొరకదు. నిజాం సర్కారు కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. అప్పటి హైదరాబాద్ లెక్క ప్రకారం ఆజూరు నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో, ఏడాది మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. కోటా భారు యుద్ధం జరిగింది 1351 ఫసలీలో.

ఇక ప్రభుత్వం చేయవలసిన పని. హైదరాబాద్ తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం సర్కారు దస్త్రాలు కోట్ల కొద్దీ పేజీలు ఉర్దూ, పర్షియన్ భాషల్లో ఉన్నాయి. వాటిలో ఫౌజుకు సంబంధించిన దస్త్రాలను విడిగా తీసి, అందులో కనిపించే సిపాయిల పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలం, ఇంతమటుకైనా తెలుగులో సూచికగా తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. షికస్తా అనే గొలుసుకట్టు లిపిలో రాసిన ఉర్దూ చదవగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పట్టణాల్లో పెద్ద వయసు ఉర్దూ ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు. వారికి గౌరవవేతనం ఇచ్చి ఈ పనిలోకి తీసుకోవచ్చు. కాకతీయ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం తన పరిశోధక విద్యార్థులకు ఉమ్మడి జిల్లాలోని ఒక్కో పాత తాలూకాను అప్పగిస్తే ఊళ్లలో మిగిలిన డిశ్చార్జి పుస్తకాల నకళ్లు పోగుచేయడం కష్టమైన పని కాదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో ఇంకొక విలువైన వస్తువు ఉంది. రెండో యుద్ధంలో పనిచేసి పింఛను లేనివారికి, వారి భార్యలకు రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా కొంత సాయం ఇస్తూ వచ్చింది. ఆ సాయం అందుకున్నవారి పాత రిజిస్టర్లు, వారు జతచేసిన దరఖాస్తులు, ఈ జిల్లాల్లో ఆ యుద్ధానికి వెళ్లినవారి గురించి బహుశా ఒకే చోట దొరికే పెద్ద జాబితా. లబ్ధిదారులు చనిపోయారు కాబట్టి ఆ రిజిస్టర్లతో పని లేదని ఏ అధికారీ నిర్ణయించకముందే వాటిని స్కాన్ చేయించి ఆర్కైవ్స్‌కు అప్పగించాలని జిల్లా కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఒక సున్నితమైన విషయం కూడా చెప్పాలి. యుద్ధం ముగిశాక తిరిగివచ్చిన భారతీయ ఖైదీలను బ్రిటిష్ అధికారులు ప్రశ్నించి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రకాలుగా విడదీశారు. ఐఎన్ఏతో గట్టి సంబంధం ఉందని నిర్ధారించినవారిని నలుపు కింద చేర్చి ఉద్యోగం నుంచి తొలగించారు, వారు ఖైదులో ఉన్న కాలపు జీతం కూడా పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక విలువలు తిరగబడ్డాయి. 1972 నుంచి కేంద్ర ప్రభుత్వం ఐఎన్ఏ వారికి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఇచ్చింది. చేరనివారు మాత్రం తెల్లదొరల పక్షం వహించారన్న చూపుకు గురయ్యారు. అందుకే మన ఊళ్లలో ఈ రెండు రకాల సిపాయిలూ నోరు మెదపలేదు. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ పుస్తకంలో తొలగింపు అన్న మాట చూసి సిగ్గుపడి దాచిపెడుతున్నాయి. దాచవద్దని నా మనవి. ఆ మాట వెనక ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఐఎన్ఏ దస్త్రం ఉండే అవకాశం ఉంది. అభిలేఖ్ పటల్ అనే వారి వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వెతకవచ్చు. అలాగే చేరనివారిని పిరికివాళ్లుగా చూడడం అన్యాయం. ఆకలితో, మలేరియాతో, బాంబుల కింద మూడేళ్లు సొరంగాలు తవ్విన మనిషి ఏ జెండా కింద నిలబడ్డాడన్న తీర్పు ఎనభై ఏళ్ల తర్వాత ఫ్యాను కింద కూర్చొని మనం చెప్పనక్కర్లేదు. జాబితా తయారుచేసేవారు ఇద్దరి పేర్లూ పక్కపక్కనే రాయాలి, ఎవరు ఏమయ్యారో ఉన్నదున్నట్టు రాయాలి.

సంపాదకులకు నా చివరి విన్నపం. మీ జిల్లా అనుబంధంలో వారానికి ఒక చిన్న గడి కేటాయించి, ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాల్లో ఏ కుటుంబం దగ్గరైనా యుద్ధకాలపు డిశ్చార్జి పుస్తకం, పతకం, రెడ్‌క్రాస్ కార్డు, ఫొటో ఉంటే వివరాలు పంపమని పాఠకులను కోరండి. పంపేవారు అసలు కాగితం ఎవరికీ ఇవ్వవద్దు. ప్రతి పేజీనీ, ఖాళీ పేజీలతో సహా, అట్టకు రెండు వైపులా, వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పంపాలి. పతకమైతే అంచు చుట్టూ ఏమైనా అక్షరాలు చెక్కి ఉన్నాయేమో చూసి అవీ రాయాలి. సిపాయి పేరుతో పాటు ఆయన తండ్రి పేరు, అప్పటి ఊరు, అప్పటి తాలూకా తప్పక రాయాలి. పుస్తకాలకు లామినేషన్ చేయించవద్దు, పాత కాగితం ఆ వేడికి పాడవుతుంది. ఉర్దూలో ఉన్న కాగితాలు చదివిపెట్టడానికి హనుమకొండలో ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు తమంతట తాము ముందుకొచ్చారు. మీ కార్యాలయానికి చేరిన కాగితాల నకళ్లను వారికి అందజేసే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ.